రౌషన్ పేరుతో తీసిన తాళం

"ఆ చేతుల్తో నాకు టీ పొయ్యకు."

బాల్జాన్ ప్యాలా మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే ధార మొదలైంది. వేడి టీ ఆవిడ వేళ్ళ మీద పడి బల్ల మీదికి కారింది. చిన్న నిప్పురవ్వ పడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి, చెయ్యి మాత్రం తియ్యలేదు.

రౌషన్ కెటిల్ కింద పెట్టి తువ్వాలు అందుకుంది. "వేళ్ళు ఎర్రబడ్డాయి అత్తయ్యా, ఇటివ్వండి."

"ఎర్రబడనీ. నా చిన్నకొడుకు నోట్లో గొట్టాలు పెట్టుకుని కన్ను తెరవకుండా పడున్నాడు. నా వేళ్ళకేం వచ్చింది?"

"ఎల్దోస్ నాకు పరాయివాడా? నేను కొత్త కోడలిగా వచ్చేనాటికి బడికి వెళ్ళే పిల్లాడు."

"అందుకేనా గ్యాసుకి వదిలేశావు?"

రౌషన్ భర్త కైసార్ కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. రెండు వరసల అద్దాల మధ్య మంచు పేరుకుని బయట ఏమీ కనపడటం లేదు. అయినా అతను బయటికే చూస్తున్నాడు. విచారణాధికారి పొద్దున ఇంటికి వచ్చి, నిలబడే నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయినప్పటి నుంచీ అతని నోట ఒక్క ముక్క రాలేదు.

ఆ నాలుగు మాటలే ఇంటిని ఇలా చేశాయి. కార్ఖానాలో కైసార్ చూసుకునే రెండో ఫర్నేసు దగ్గర, ఎల్దోస్ పనిలో ఉండగా, గ్యాసు ప్రాణం తీసే స్థాయికి పెరిగినా సైరన్ మోగలేదు. ఎందుకంటే, ఎంత గ్యాసుకి మోగాలన్న హద్దుని ఎవరో కంప్యూటర్లో పైకి జరిపేశారు. జరిపినవాళ్ళ పేరు కూడా అక్కడే ఉంది: రౌషన్. కార్ఖానాలో మేనేజర్లందరికీ భద్రతా పాఠాలు చెప్పే రౌషన్.

"నేను మార్చలేదు అత్తయ్యా. ఎన్నిసార్లు చెప్పమంటారు?"

"మార్చకపోతే నీ పేరు దానంతటది నడిచొచ్చి అందులో కూర్చుందా?"

"అదే నాకూ అంతుబట్టడం లేదు."

"పెద్ద పెద్ద మేనేజర్లని బెంచీల మీద కూర్చోబెట్టి చెప్తావటగా, అది ముట్టుకోకండి, ఇది దాటకండి అని. ఇంట్లో మనిషికి అక్కరకి రాని పాఠాలు ఎవరిని ఉద్ధరించడానికి?"

రౌషన్ మీద ఈ మాట ఇవాళ మధ్యాహ్నం కూడా పడింది. ఆస్పత్రి కారిడార్లో, నర్సుల ముందు, ఎల్దోస్ భార్య నజెర్కే ఆమె తెచ్చిన సూపు గిన్నెని నేలకేసి కొట్టి మరీ అంది. తోటికోడలు అన్నందుకు అంత బాధ లేదు. మొగుడు చావుబతుకుల్లో ఉన్న పిల్ల, ఏమైనా అంటుంది. బాధల్లా, పక్కనే నిలబడి అదంతా విన్న కైసార్, వంగి గిన్నె పెంకులు ఏరాడే తప్ప, "రౌషన్ అలాంటిది కాదు" అని అనలేదు.

ఇప్పుడూ అనడం లేదు.

"కైసార్, నువ్వైనా చెప్పవేం?"

"అమ్మ బాధలో ఉంది. అననీ." కిటికీ వైపు నుంచే అన్నాడు.

"అత్తయ్య సంగతి కాదు. నీ సంగతి అడుగుతున్నాను. నేనే మార్చానని నువ్వూ అనుకుంటున్నావా?"

గోడవారన రేడియేటర్లో నీళ్ళు గుడగుడలాడాయి.

"వాణ్ణెందుకు మధ్యలోకి లాగుతావు?" బాల్జాన్ గొంతు మళ్ళీ లేచింది. "తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆ ఇనప మెట్లు దిగింది వాడే కదా! ఆ రోజు వాడికి తిండి కూడా లేదు. మధ్యాహ్నం ఆదరాబాదరా వచ్చాడు. నీ కంప్యూటర్ ముందేసుకుని ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. గుర్రం మాంసం వేడివేడిగా తెచ్చి పెడితే కన్నెత్తి చూళ్ళేదు. టీ ఐనా తాగరా అంటే వినకుండా టోపీ చేత్తో పట్టుకుని పరుగు. పనంటే అలా ప్రాణం పెట్టేవాణ్ణి పట్టుకుని..."

"ఏ రోజు అత్తయ్యా?"

"ఏ రోజేమిటి? చిన్నాడు పడిపోయిన రోజే."

"నా కంప్యూటరా?"

"మూత మీద ఎర్ర బొమ్మ ఉంది చూడు, అదే. వాడిది ఆఫీసులోనే వదిలేస్తాడుగా."

కైసార్ అప్పుడు తిరిగాడు.

అతని మొహం చూశాక రౌషన్ ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహాన్ని కోపంతో చూసింది, తాగిన మత్తులో చూసింది, వాళ్ళ నాన్న పోయినప్పుడు పసిపిల్లాడిలా ఏడుస్తుంటే చూసింది. ఇలా ఎప్పుడూ చూడలేదు. దొంగతనం చేసి దొరికిపోయిన మొహం కాదు. దొరకనని ధీమాగా ఉండి, సొంత తల్లి నోటి వెంట బయటపడ్డ మొహం.

ఆ రోజు ఆమె ఊరవతల శిక్షణ కేంద్రంలో కొత్త ఫోర్‌మన్లకి నిప్పు ఆర్పడం నేర్పుతోంది. కంప్యూటర్ అవసరం లేదని ఇంట్లోనే వదిలి వెళ్ళింది.

పాస్‌వర్డ్? అది అతనికి తానే చెప్పింది. పోయిన చలికాలంలో ఒక ఆదివారం, నూనెలో వేయించే బౌర్సాక్ రొట్టెలకి పిండి పిసుకుతుంటే ఆఫీసు నుంచి ఏదో అత్యవసరమని వచ్చింది. చేతులనిండా పిండి. "కాస్త తెరిచి చూడు కైసార్" అని వంటింట్లోంచే ఒక్కొక్క అక్షరం అరిచి చెప్పింది. తర్వాత మార్చుకోవాలనుకుంది. మార్చుకోలేదు. మొగుడే కదా.

"కైసార్," అంది. "నువ్వేనా?"

"కూర్చో. చెప్తాను."

"నిలబడే వింటాను."

"వారం రోజులుగా రెండో ఫర్నేసు ఊరికే ఆగిపోతోంది. గ్యాసు కాస్త పెరిగితే సైరన్, సైరన్‌తో పాటు కరెంట్ కట్. లోపల లోహం గడ్డకట్టిపోతోంది. డైరెక్టర్ తుర్సింబెక్ పొద్దునా సాయంత్రం నా నెత్తి మీదే కూర్చున్నాడు. ఈ నెల కూడా తక్కువైతే ఆ ఫర్నేసు మూసేస్తామన్నాడు. ఎంతమంది రోడ్డున పడతారో తెలుసా నీకు?"

"గ్యాసు పెరిగితే ఆగాలి. అందుకే పెట్టాం దాన్ని."

"ఒక్క షిఫ్ట్ రౌషన్! ఒక్కటంటే ఒక్కటి. సాయంత్రానికి మళ్ళీ కిందికి దించేద్దామనుకున్నాను. ఎల్దోస్‌ది ఆ షిఫ్ట్ కానే కాదు. ఎవరితోనో మార్చుకున్నాడు. నాకెలా తెలుస్తుంది?"

"ఎల్దోస్ కాకపోతే ఇంకొకడు పడేవాడు. వాడికి మాత్రం అమ్మ ఉండదా?"

బాల్జాన్ ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూస్తోంది. సగం అర్థమై సగం కానట్టుంది. "ఏమంటోంది ఇది? ఒరే కైసార్, ఏమంటోంది?"

అతను తల్లి వైపు చూడలేదు.

"నా పేరెందుకు?" అడిగింది రౌషన్. "నీకు నీ తాళం ఉంది కదా."

"నా పేరుతో మారిస్తే మీ భద్రతా విభాగం సరేనన్నాకే మారుతుంది. నీ పేరుతో అయితే వెంటనే."

"అది మార్చేటప్పటి మాట. తర్వాతో? ఇవాళ పొద్దున ఆ అధికారి ఈ గదిలో నా పేరు చదివాడు. నా పక్కనే ఉన్నావు. నీ భుజం నా భుజానికి తగులుతోంది. అప్పుడేమైంది నీ నోటికి?"

కైసార్ నుదురు రుద్దుకున్నాడు. "నీకైతే మందలింపు వేస్తారు. పాఠాలు చెప్పేదానివి, ఏదో పొరపాటు అనుకుంటారు. మహా అయితే ఉద్యోగం పోతుంది. నేనైతే జైలుకి పోతాను."

"అన్నీ ఆలోచించుకునే ఊరుకున్నావన్నమాట."

"అలా అనకు."

"మరెలా అనను?"

అప్పటికి బాల్జాన్‌కి మొత్తం అర్థమైంది. ఆవిడ అరవలేదు. పెద్దకొడుకు మీదికి చెయ్యెత్తలేదు. కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. కాలిన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. కైసార్ ఒకసారి "అమ్మా" అన్నాడు.

చివరికి తలెత్తి, కొడుకుని కాదు, కోడల్ని అడిగింది. "ఆ పెట్టెలో రాసుంది చెరిపెయ్యలేమా?"

రౌషన్‌కి ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏ పెట్టె?"

"అదే, నీ కంప్యూటర్. పగలగొట్టి నదిలో పారేస్తే?"

"అది అందులో ఉండదు అత్తయ్యా. ఎక్కడో వేరే నగరంలో పెద్ద పెద్ద కంప్యూటర్లు అద్దెకిస్తారు. మన కార్ఖానా లెక్కలన్నీ వాటిలో ఉంటాయి. ఇది వాటిలోకి చూసే కిటికీ లాంటిది, అంతే. కిటికీ పగలగొట్టినంత మాత్రాన అవతలున్న ఇల్లు కూలదు."

"అయితే నీ పేరు పోదు."

"పోదు."

బాల్జాన్ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి రౌషన్ రెండు చేతులూ పట్టుకుంది. ఇందాక టీ పొయ్యొద్దన్న చేతులే.

"బిడ్డా," అంది.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆవిడ నోట "కోడలా" అన్న పిలుపు తప్ప ఇంకోటి వినలేదు రౌషన్. జ్వరంతో మంచాన పడ్డప్పుడు కూడా "కోడలు మందు తాగిందా" అనే అడిగేది. ఆ "బిడ్డా" అన్న మాట కోసం తాను లోపల్లోపల ఎంత ఎదురుచూసిందో, అది చెవిన పడ్డాక గానీ తెలిసి రాలేదు.

"బిడ్డా, నీ పేరునే ఉండనీ. ఒకడు అక్కడ పడున్నాడు. ఇంకొకణ్ణి జైలుకెలా పంపను? నువ్వు చదువుకున్నదానివి. ఇక్కడ కాకపోతే ఇంకోచోట పని దొరుకుతుంది. మగాడికి ఆ మచ్చ పడిందంటే ఇక లేవడు. ఇన్నాళ్ళూ నిన్నేమైనా అని ఉంటే మనసులో పెట్టుకోకు. ఇవాళ్టి నుంచి నువ్వు నా కడుపున పుట్టినదానివే."

కైసార్ ఆపలేదు. వద్దమ్మా అనలేదు. తల్లి మాట పూర్తయ్యేదాకా ఆగి, భార్య ఏమంటుందోనని చూశాడు.

బాల్జాన్ తన ప్యాలా తీసి రౌషన్ ముందుకి జరిపింది. "పొయ్యి బిడ్డా. నీ చేత్తో పొయ్యి, తాగుతాను."

రౌషన్ ఆ ప్యాలా వంక చూసింది. తర్వాత కోటు అందుకుని, బొత్తాలు పెట్టుకోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె శిక్షణ కేంద్రం విశ్రాంతి గదిలోనే పడుకుంది.

*

పొద్దున క్లాసు రద్దవుతుందనుకుంది. రద్దు కాలేదు. పైగా హాలు నిండిపోయింది.

విచారణాధికారి వెనక వరసలో కూర్చున్నాడు. ఈ కార్ఖానాలో మేనేజర్లకి భద్రతా పాఠాలు క్రమం తప్పకుండా జరుగుతాయని ఆయనకి చూపించాలట. డైరెక్టర్ తుర్సింబెక్ ముందు వరస మధ్యలో, కోటు భుజాల మీద వేసుకుని ఉన్నాడు. కైసార్ గోడవారన, తలుపుకి దగ్గరగా ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా నిన్నటిదే.

రౌషన్ బల్ల దగ్గర నిలబడింది. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోరు తెరిస్తే రోజూ చెప్పే మాటలే వచ్చాయి.

"కూలివాడి తప్పు చేతుల్లో ఉంటుంది. పట్టుకోకూడనిది పట్టుకుంటాడు, ఎక్కకూడని చోట ఎక్కుతాడు. మేనేజర్ తప్పు చేతుల్లో ఉండదు, నోట్లో ఉంటుంది. 'ఈ ఒక్కసారికి కానీండి' అంటాడు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ మాట అననివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ చెయ్యెత్తలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి.

"అంటే ఏమవుతుంది? మొదటిసారి ఏమీ కాదు. అదే అసలు ప్రమాదం. ఏమీ కాలేదు కదా అని రెండోసారి అంటాం. మూడోసారికి అదే పద్ధతైపోతుంది. సైరన్ విసిగిస్తోందంటే, గ్యాసు ఎక్కడ కారుతోందో వెతకాలి. సైరన్ నోరు మూయకూడదు."

తుర్సింబెక్ దగ్గాడు. "ఇవాళ కంప్యూటర్ల పాఠం కదమ్మా. అది చెప్పండి."

"అదే చెప్తున్నాను సార్. క్లౌడ్ అంటారు దాన్ని."

"మబ్బా?" రవాణా విభాగం గెన్నాదీ వెనక నుంచి అన్నాడు. "వానొస్తే మన లెక్కలు కారిపోతాయేమో!" రెండు మూడు నవ్వులు లేచి, పక్కనున్న విచారణాధికారిని చూసి అణిగిపోయాయి.

"ఆకాశంలో ఏమీ లేదు గెన్నాదీ. ఎక్కడో నేల మీదే, గట్టి గోడల మధ్య వరసగా పేర్చిన కంప్యూటర్లు. వాటిని మనం కొనలేదు, అద్దెకి తీసుకున్నాం. అద్దిల్లు లాంటిదే అనుకోండి. కప్పు కురవకుండా, కరెంట్ పోకుండా చూసుకోవడం ఇంటివాడి పని. కానీ లోపల ఏం పెట్టుకున్నాం, తలుపు తాళంచెవి ఎవరి చేతికిచ్చాం అన్నది మన పని. దొంగ పడితే ఇంటివాణ్ణి తిట్టి లాభం లేదు. తాళంచెవి ఉన్నవాడు మన ఆఫీసు నుంచే కాదు, సెలవుమీద వెళ్ళిన ఊరి నుంచైనా, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర్నుంచైనా లోపలికి రావచ్చు. సౌకర్యం అదే, భయమూ అదే."

భోజనాల బల్ల అన్నప్పుడు గోడవైపు చూడకూడదనుకుంది. చూసింది. కైసార్ కలం మూత తీసి పెడుతున్నాడు, తీసి పెడుతున్నాడు.

"ఇంకొకటి. మనుషుల ప్రాణాలు ఆధారపడిన పరికరాన్ని ఆ అద్దింటి మీదే పూర్తిగా వదిలెయ్యకూడదు. ఫర్నేసు గోడ మీద పాత సైరన్ ఉండేది. సెన్సార్ నుంచి ఒక తీగ, తీగ చివర సైరన్. దానికి ఏ ఊరి కంప్యూటర్‌తోనూ పని లేదు. పాస్‌వర్డ్‌తో దాని నోరు నొక్కలేం. దాన్ని పీకొద్దని మొత్తుకున్నాను. పాతబడింది, అందంగా లేదు అన్నారు."

వెనక వరసలో విచారణాధికారి ఏదో రాసుకున్నాడు. తుర్సింబెక్ మెడ ఎర్రబడింది.

గెన్నాదీ ఈసారి నవ్వకుండా లేచాడు. "మేడమ్, ఒక మాట. తాళంచెవి ఒకరిది, దాంతో తలుపు తీసింది ఇంకొకరు అనుకోండి. అప్పుడు తప్పెవరిది?"

వేళాకోళమో, నిజంగా తెలియకో, లేక ఎవరైనా అడగమన్నారో!

"ఇద్దరిదీ," అంది రౌషన్. "ఇచ్చినవాళ్ళది అజాగ్రత్త. అది నేను ఒప్పుకుంటాను. తీసినవాళ్ళది..." ఆ మాటకి తగిన పేరు కోసం వెతికింది. దొరకలేదు. "తీసినవాళ్ళది ఏమిటో వాళ్ళే చెప్పాలి."

కైసార్ తల ఎత్తలేదు.

*

క్లాసు అయ్యాక తుర్సింబెక్ తన గదికి పిలిపించాడు. తలుపు వేసి, తనే కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆయన అంత మర్యాద చెయ్యడం రౌషన్ ఎప్పుడూ చూడలేదు.

"చూడమ్మా, నువ్వు మంచి టీచర్‌వి. నిన్ను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. క్లాసులో చూపించడం కోసం హద్దు జరిపావు, తిరిగి దించడం మర్చిపోయావు. అంతే. ఆ ముక్క రాసి సంతకం పెట్టు. మందలింపుతో పోతుంది. తర్వాత రాజధానిలో మన శిక్షణ కేంద్రానికి పంపిస్తాను. ఇంతకన్నా మంచి పదవి."

"నేను చూపించలేదు సార్. మర్చిపోనూ లేదు."

"తెలుసు."

ఆ ఒక్క మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, రౌషన్‌కి పొరపాటున విన్నానేమో అనిపించింది.

"ఏం తెలుసు?"

"కైసార్ నీకు చెప్పలేదా?" ఆయన ఇబ్బందిగా కదిలాడు. "నిన్న ఇంట్లో అంతా మాట్లాడుకున్నారనుకున్నానే. నువ్వు ఒప్పుకున్నావనే పొద్దున చెప్పాడు."

"మీకెప్పుడు చెప్పాడు, తానే మార్చానని?"

"అదే రోజు. తమ్ముణ్ణి అంబులెన్స్ ఎక్కించి నేరుగా నా గదికే వచ్చాడు. ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. నీకేమీ నష్టం రాకుండా చూస్తానని నేనే మాటిచ్చాను."

రౌషన్‌కి ఆ సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. కబురు తెలిసి టాక్సీ దొరక్క మంచులో పరిగెత్తుతూ కైసార్‌కి ఫోన్ చేసింది. "నువ్వు వెళ్ళు, నేను వెనకే వస్తున్నా" అన్నాడు. ఎంతకీ రాలేదు. స్పృహ లేని మనిషి పక్కన, గుండెలు బాదుకుంటున్న నజెర్కేని పట్టుకుని ఒక్కతే నిలబడింది. ఆలస్యంగా వచ్చిన కైసార్‌ని పట్టుకుని, పాపం తమ్ముడి కోసం ఎక్కడెక్కడ తిరిగాడో అని తానే ఓదార్చింది. అతను ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చాడు కూడా.

తన మీదికి ఆ నేరాన్ని తోసెయ్యాలని తీర్మానించుకుని వచ్చి, తన భుజం మీదే ఏడ్చాడు.

"అంటే విచారణ మొదలవకముందే మీరిద్దరూ నా పేరు ఖాయం చేశారు."

"అలా మాట్లాడకమ్మా. సాయంత్రం దాకా ఆలోచించుకో."

ఆమె లేచింది. అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. నజెర్కే. సూపు గిన్నె పగిలినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"కళ్ళు తెరిచాడు," అంది నజెర్కే. గొంతులో మెత్తదనం ఏమీ లేదు. "నిన్నే అడుగుతున్నాడు."

*

ఆస్పత్రి గది గుమ్మం దగ్గర నజెర్కే అడ్డం నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"నీ మీద నాకు కోపం పోలేదక్కా. మాట పెగలగానే వదిన ఏది అన్నాడు. అందుకని పిలిచాను. ఎక్కువసేపు మాట్లాడించకు."

"సరే."

"తప్పు చేశానని ఒక్క మాట అనుంటే పోయేది. నేను చెయ్యలేదు, చెయ్యలేదు అని వాదిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది."

ఈ పిల్లకి నిజం చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? నీ మొగుణ్ణి మోసుకొచ్చిన చేతులే ఈ పని చేశాయని ఎలా చెప్పాలి? "తర్వాత మాట్లాడదాం నజెర్కే" అని లోపలికి వెళ్ళింది.

ఎల్దోస్ పెదాలు పగిలి ఉన్నాయి. మొహంలో కళ్ళు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆమెని చూసి నవ్వబోయాడు. రౌషన్ మంచం పక్క కుర్చీలో కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"వదినా, అందరూ నిన్నంటున్నారటగా. నువ్వు చేశావని."

"అవన్నీ ఇప్పుడెందుకు? పడుకో."

"లేదు. చెప్పాలి." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నువ్వు పాఠంలో చెప్పిందే చేశాను వదినా. మెడకి వేసుకునే గ్యాసు మీటర్‌లో బ్యాటరీ అయిపోయింది. అది లేకుండా పైకెక్కొద్దంటావు కదా. నాకప్పటికే తల బరువుగా ఉంది. ఎక్కలేదు. కిందే ఆగిపోయాను."

"మరి?"

"అన్నయ్యకి ఫోన్ చేశాను. తల తిరుగుతోంది, ఎక్కనా వద్దా అని."

రౌషన్ చేతిలో అతని చెయ్యి వెచ్చగా ఉంది.

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'రాత్రి నిద్ర చాలలేదేమోరా. గ్యాసుంటే సైరన్ ఈపాటికి ఊరంతా లేపేది కదా. భయపడకు, ఎక్కు' అన్నాడు. అన్నయ్య చెప్పాడు కదా అని ఎక్కాను."

రౌషన్ నిన్నటితో అంతా తెలిసిపోయిందనుకుంది. పొద్దున డైరెక్టర్ గదిలో, ఇక ఇంతకన్నా కిందికి దిగేదేమీ ఉండదనుకుంది. 'ఎల్దోస్‌ది ఆ షిఫ్ట్ కాదు, నాకెలా తెలుస్తుంది' అన్న కైసార్ గొంతు చెవుల్లో గింగురుమంది. ఆ మాట అతను ఆమె కళ్ళలోకే చూస్తూ అన్నాడు.

మంచం కాళ్ళ దగ్గర నజెర్కే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! రెండు చేతులతో ఇనప కడ్డీ పట్టుకుని మొగుడి పెదాల వంకే చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. ముందు బాల్జాన్, వెనక ఫ్లాస్కు పట్టుకుని కైసార్. చిన్నకొడుకు కళ్ళు తెరిచి ఉండటం చూసి ఆవిడ ఏదో అరవబోయింది. అంతలో రౌషన్ మొహం కనిపించింది. అడుగు అక్కడే ఆగిపోయింది. పెదాలు మాత్రం కదిలాయి. శబ్దం లేకుండా, బిడ్డా అన్నట్టు.

ఎల్దోస్ వాళ్ళని చూడలేదు. అతనికి తల తిప్పే శక్తి లేదు. రౌషన్ వేళ్ళని గట్టిగా పట్టుకున్నాడు.

"వదినా, ఒక్కటి చెప్పు. పొద్దుట్నుంచీ అదే తిరుగుతోంది నా బుర్రలో. అన్నయ్యకి తెలీదు కదా, సైరన్ మోగదని?"



రౌషన్ మెల్లగా అతని వేళ్ళు విడిపించుకుని, ఆ చేతిని దుప్పటి మీద పెట్టింది. కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకుంది.

"మీ అన్నయ్య వచ్చాడు ఎల్దోస్. ఇక్కడే ఉన్నాడు. ఆయన్నే అడుగు."

బాల్జాన్ చటుక్కున పెద్దకొడుకు మోచెయ్యి పట్టుకుని వెనక్కి, కారిడార్‌లోకి లాగబోయింది. కైసార్ ఎటూ కదలకుండా నిలబడిపోయాడు.

నజెర్కే ఇనప కడ్డీ వదిలింది. వాళ్ళిద్దరినీ దాటుకుని వెళ్ళి తలుపు మూసి, లోపల గడియ పెట్టి, దానికి వీపు ఆనించింది.

"చెప్పండి బావగారూ," అంది. "మేమూ వింటాం."